ఒకే ఇంట్లో ఇద్దరు ఫస్టియర్‌లు

పళ్ళ ఆసుపత్రిలో రిసెప్షన్ బల్ల వెనక ఆవిడ కూర్చోవడం మొదలుపెట్టి పదేళ్ళు దాటింది. ఎవరికి ఏ పన్ను పీకారో, ఎవరు సూది కనిపిస్తే చాలు కుర్చీలోంచి దూకి పారిపోతారో అంతా ఆవిడకి నోటికొచ్చు. డాక్టరమ్మ కూడా ఫైలు వెతికే బదులు ఆవిణ్ణే అడుగుతుంది.

ఒక రోజు సాయంత్రం పేషెంట్లందరూ వెళ్ళిపోయాక డాక్టరమ్మ పిలిచి కూర్చోబెట్టింది.

"రెండో ఆసుపత్రి కడుతున్నామని మీకు తెలుసుగా. దానికి మేనేజరుగా మీరుండాలని నా కోరిక. నా పార్ట్‌నర్ ఒప్పుకోవడం లేదు. జీతాలు, పన్నులు, లెక్కలు చూడాలంటే కనీసం కామర్స్ డిప్లొమా అయినా ఉండాలంటున్నారు. కట్టడం పూర్తయ్యేసరికి రెండేళ్ళు పడుతుంది. ఈలోపు చదవగలరా?"

"జీతం ఎంతుంటుంది మేడమ్?"

"ఇప్పుడు మీకొచ్చేదానికి రెట్టింపు పైమాటే."

"అయితే చదువుతాను," అంది ఆవిడ. అన్నాక గుర్తొచ్చింది, పుస్తకం ముట్టుకుని ఇరవై ఏళ్ళు. అందులోనూ లెక్కలు.

సరిగ్గా ఆ వారంలోనే ఆవిడ కూతురికి కంప్యూటర్స్‌లో సీటొచ్చింది. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని తండ్రి దాన్ని పిచ్చుక అన్నాడు. ఇప్పుడు తండ్రికంటే బెత్తెడు పొడుగు, అయినా పేరు మాత్రం అదే. సీటొచ్చింది రెండు చోట్ల. ఒకటి ఊళ్ళోనే ఉన్న మామూలు కాలేజీ, బస్సులో వెళ్ళి రావచ్చు. రెండోది రాత్రంతా రైల్లో వెళ్ళాల్సిన పెద్ద యూనివర్సిటీ. ఫీజు, హాస్టలు, పైగా ఫలానా రకం కొత్త లాప్‌టాప్ తెచ్చుకోవాలని షరతు.

పిచ్చుక నాన్న లిఫ్టు మెకానిక్కు. ఆయన సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఆ వారం ఏ బిల్డింగుకి వెళ్ళినా అదే కబురు. లిఫ్టులో ఇరుక్కుపోయిన ఒక పెద్దాయన్ని బయటికి లాగుతూ, "మా అమ్మాయికి యూనివర్సిటీలో సీటొచ్చిందండీ" అన్నాడట. "ముందు నన్ను లాగవయ్యా బాబూ, తర్వాత అభినందిస్తా" అన్నాడట ఆయన.

ఇంట్లో మాత్రం వ్యవహారం అంత సాఫీగా నడవలేదు. భోజనాల దగ్గర ఆవిడ సంగతంతా విప్పి చెప్పింది.

"దాచిన డబ్బు పిచ్చుకని ఆ యూనివర్సిటీలో రెండేళ్ళు చదివిస్తుంది. మిగతా రెండేళ్ళకీ అప్పు. అదే పిచ్చుక ఊళ్ళోనే చదివి, నేను డిప్లొమా చేసి ఆ ఉద్యోగంలో చేరితే, అప్పు అవసరం ఉండదు. నా ఫీజు పెద్దదేం కాదు. సాయంత్రం క్లాసులు."

"నువ్వు చదవడమేంటి?" అంది పిచ్చుక.

"డాక్టరమ్మ చెప్పింది."

"అంటే నా చదువు డబ్బుతో నువ్వు చదువుకుంటావా?"

తండ్రి ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు. ఆవిడ కోప్పడలేదు. నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది.

"అది నీ డబ్బు కాదే. మా డబ్బు. అందులో ఎక్కువ భాగం నీ చదువుకే పెడతాం. అంతా నీదే అని మేమెప్పుడూ అనలేదు."

పిచ్చుక కంచం తీసుకెళ్ళి సింకులో దబ్బున పడేసి గదిలోకి వెళ్ళిపోయింది.

"పోనీ లోను తీసుకుందామోయ్," అన్నాడు తండ్రి. "నలుగురికీ చెప్పుకున్నాను కూడా."

"నలుగురికీ చెప్పారు గానీ, ఆ నలుగురూ కడతారా? ముందు ఆ యూనివర్సిటీ చూసొద్దాం. చూడకుండా ఔననీ కాదనీ అనను."

ఆవిడా పిచ్చుకా రైలెక్కి వెళ్ళి చూశారు. వంకలు పెట్టడానికి అక్కడ ఏమీ కనిపించలేదు. లైబ్రరీ మూడంతస్తులు. లాబుల్లో పిల్లలు బోర్డు మీద ఏదో గీసుకుంటూ వాదించుకుంటున్నారు. పిచ్చుక మొహం వెలిగిపోయింది. ఇంత బాగుంటే ఎలా కాదనడం అనుకుంది ఆవిడ.

కాంటీన్లో టీ తాగుతుంటే పక్క బల్ల దగ్గర సీనియర్ అమ్మాయితో పిచ్చుక మాట కలిపింది. ఆ అమ్మాయి మూడో ఏడాదిలో ఇక్కడికొచ్చిందట. మొదటి రెండేళ్ళూ తమ ఊరి కాలేజీలోనే చదివిందట.

"అలా రానిస్తారా?" అంది పిచ్చుక.

"మార్కులుంటే రానిస్తారు. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. మొదటి రెండేళ్ళ పాఠాలు ఎక్కడైనా ఒకటే. నేను చాలా మిగుల్చుకున్నాను. కాకపోతే ఇక్కడి వాళ్ళందరూ అప్పటికే జట్లు కట్టేసుంటారు. మొదటి ఆర్నెల్లు ఒక్కదాన్నే తిన్నాను."

తిరుగు రైల్లో ఆవిడే మాట ఎత్తింది.

"రెండు దార్లున్నాయి. ఇప్పుడే ఇక్కడ చేరు, ఇంట్లో ఉన్నదంతా పెడతాం, తర్వాత లోను నీ పేరు మీద. లేదా రెండేళ్ళు మన ఊళ్ళో చదివి, మార్కులు తెచ్చుకుని రా. సీటు రాకపోవచ్చు కూడా. ఆ భయం నీకుంటుంది, నాకూ ఉంటుంది. నువ్వే చెప్పు."

పిచ్చుక కిటికీలోంచి చూస్తూ, "ఊళ్ళోనే చేరతాలే," అంది. ఒప్పుకుంది గానీ, మనస్ఫూర్తిగా కాదు. నెల రోజులు ఇంట్లో అడిగిన దానికి ఊ, ఊహూ తప్ప ఇంకో మాట లేదు.

ఇద్దరికీ కలిపి ఒక సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ చాలనుకున్నారు. పాతవి బాగుచేసి అమ్మే కొట్టుకి వెళ్ళారు. పిచ్చుక చూపు సన్నటి వెండి రంగు దాని మీద పడింది. ఆవిడ దాన్ని తిప్పి చూసింది.

"బ్యాటరీ ఎంతసేపొస్తుంది? మారిస్తే ఎంతవుతుంది? మెమరీ పెంచుకోవచ్చా?"

"దీంట్లో పెంచడం కుదరదు మేడమ్. అతికించేసి వస్తుంది," అన్నాడు కొట్టతను. "ఈ నల్లది చూడండి. బరువే, చూడ్డానికి కూడా అంతంత మాత్రమే. కానీ ఏది పోయినా విప్పి మార్చుకోవచ్చు. పాపకేనా?"

"పాపకీ, నాకూ."

కొట్టతను ఒకసారి ఆవిణ్ణి, ఒకసారి పిచ్చుకని చూశాడు. పిచ్చుక గోడకి తగిలించిన వైర్ల వైపు తిరిగి నిలబడింది. నల్లదే కొన్నారు, ఆర్నెల్ల గ్యారంటీ బిల్లు మీద రాయించుకుని మరీ.

పగలంతా లాప్‌టాప్ పిచ్చుకది, సాయంత్రం ఆరు నుంచి తల్లిది. ఆవిడ ఆసుపత్రి నుంచి వచ్చి, మొహం కడుక్కుని, ఆన్‌లైన్ క్లాసుకి కూర్చునేది. మొదట్లో మౌసు పట్టుకుంటే బాణం తెర అంచు దాటి ఎక్కడికో పోయేది. తరుగుదల లెక్కలు అసలు ఎక్కేవి కావు. కుర్చీ పాతబడితే దాని విలువ తగ్గుతుందని ఎవరికి తెలీదు, దానికిన్ని నిలువు గీతలెందుకని విసుక్కునేది. అయినా వదల్లేదు. మొదటి పరీక్షల్లో అన్నీ పాసయింది. లిఫ్టు మెకానిక్కుకి చెప్పుకోవడానికి ఇంకో కబురు దొరికింది.

రెండో టర్ములో ఒక సంగతి జరిగింది. ఆ రోజు ఆవిడకి అకౌంట్స్ పరీక్ష, ఆన్‌లైన్లో, ఆరింటికి. కెమెరా ముందు కూర్చుని రాయాలి, ఫోన్లో కుదరదు. ఆసుపత్రికి సెలవు. పొద్దున్నుంచీ చదువుకుని, అయిదున్నరకి బల్ల తుడుచుకుని చూస్తే లాప్‌టాప్ లేదు. పిచ్చుకా లేదు.

ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. తండ్రి కూడా పనిలోంచే చేశాడు. కంప్యూటర్ అడుగుదామని ఆవిడ పక్క వాటాకి పరిగెత్తింది, తాళం వేసి ఉంది. ఫోన్లోనే ప్రయత్నిద్దామంటే పేజీ తెరుచుకోనే లేదు. ఆరు దాటింది. ఆరుంపావుకి లోపలికి రానివ్వడం ఆపేశారు. ఆవిడ పుస్తకాలు సర్దేసి, వంటింట్లోకి వెళ్ళి, తోమిన గిన్నెల్నే మళ్ళీ తోమింది.

పిచ్చుక ఎనిమిదింటికి వచ్చింది. స్నేహితురాలి ఇంట్లో ప్రాజెక్టు పూర్తి చేసుకుని, నవ్వుకుంటూ వచ్చింది. తల్లి మొహం చూసి ఆగిపోయింది.

"ఇవాళేనా పరీక్ష? రేపనుకున్నానమ్మా."

ఆవిడ తలెత్తి దాని కళ్ళలోకి చూసింది. ఆ చూపు ముందు పిచ్చుక ఎక్కువసేపు నిలవలేకపోయింది.

"లేదు. గుర్తుంది," అంది నెమ్మదిగా. "మా ప్రాజెక్టు అవలేదు. నీది చిన్న పరీక్షేగా, మళ్ళీ పెడతారులే అనుకున్నా."

"నీ పరీక్ష రోజు నేనిలా చేసుంటే నన్నేమనేదానివి?"

పిచ్చుక లాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టింది.

"చిన్నపిల్ల, పోనీలే," అన్నాడు తండ్రి.

"నేనూ ఫస్టియరేనండీ," అంది ఆవిడ. అని అక్కణ్ణుంచి వెళ్ళిపోయింది.

మర్నాడు పిచ్చుక కాలేజీ ఎగ్గొట్టి తల్లి చదివే ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళింది. తప్పు నాది, అమ్మది కాదు, ఇంకో అవకాశం ఇవ్వండి అని అడిగింది. అక్కడి క్లర్కు మర్యాదగానే కుదరదన్నాడు. ఆ పేపరు ఏడాదికి ఒక్కసారే పెడతారు. అది పాసయితేగానీ దానికి పైన ఉన్న పేపర్లు రాయనివ్వరు. మిగతావన్నీ ఈలోపు రాసేసినా డిప్లొమా ఆర్నెల్లు వెనక్కి పోయినట్టే.

ఆవిడ డాక్టరమ్మకి దాచకుండా చెప్పింది. డాక్టరమ్మ నొచ్చుకుంది. "పార్ట్‌నర్ తన తాలూకు అబ్బాయిని పెడదామంటారేమో. నేను చేయగలిగింది చేస్తాను," అంది.

ఇంట్లో చాలా రోజులు గాలి బిగుసుకుపోయినట్టుండేది. తల్లి వండేది, పెట్టేది, అడిగిన దానికి చెప్పేది. అంతకుమించి మాట్లాడేది కాదు. కూతురు కన్నీళ్ళు పెట్టుకున్నా దగ్గరికి తీసుకోలేదు. అలా తీసుకోకపోవడం ఆవిడకీ కష్టంగానే ఉండేది.

పిచ్చుక తమ కాలేజీ కంప్యూటర్ లాబులో పని అడిగి సంపాదించింది. క్లాసులయ్యాక మిషన్లన్నీ ఆపడం, పాడైనవి రాసిపెట్టడం, తాళాలు వేయడం. అయిదారు నెలలయ్యాక ఒక శనివారం తండ్రినీ ఆటోనీ వెంటబెట్టుకుని వచ్చింది. కాలేజీవాళ్ళు పాత కంప్యూటర్లు తీసేస్తుంటే తన జీతం డబ్బుతో ఒకటి కొంది. తండ్రి దాన్ని లిఫ్టు మోటారు మోసినట్టు మోసుకొచ్చి, ఆయాసపడుతూ హాల్లో దింపాడు.

"ఇది నీది," అంది పిచ్చుక తల్లితో. "నీకు ఒక్కదానికే. దీన్ని ఎవరూ బయటికి తీసుకెళ్ళలేరు కూడా, అంత బరువుంది."

ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. కెమెరా లేదేమని అడిగింది. అది కూడా కొన్నానని పిచ్చుక సంచీలోంచి తీసింది.

ఆ రోజు నుంచి మళ్ళీ మాటలు కలిశాయి. తరుగుదల లెక్కలు పిచ్చుక కూర్చోబెట్టి చెప్పింది. "అమ్మా, గీతలు మర్చిపో. ముందు కుర్చీ గురించి ఆలోచించు," అనేది. మరుసటి ఏడాది ఆ పేపరు ఆవిడ అరవై రెండు మార్కులతో పాసయింది.

అనుకున్న రెండేళ్ళూ గడిచాయి. పిచ్చుకకి యూనివర్సిటీలో సీటొచ్చింది, మొదటి జాబితాలో కాదు, రెండో జాబితాలో. మధ్యలో వారం రోజులు ఇంట్లో ఎవరికీ తిండి సయించలేదు. కొత్త ఆసుపత్రీ తెరిచారు. పార్ట్‌నర్ తాలూకు అబ్బాయినే మేనేజరుగా పెట్టారు, ఆర్నెల్లకని. అతను మంచివాడే, పని మాత్రం తెలీదు. పాత జీతానికే ఆవిడ అతనికి పని నేర్పింది. జీతం పెరగలేదు, దాచినదాంట్లో మిగిలింది ఫీజుకే సరిపోయింది, అందుకని పిచ్చుక మొదటి టర్ము హాస్టలుకి లోను తీసుకోక తప్పలేదు. బ్యాంకులో కాగితాలు ముందుకు జరపగానే పిచ్చుక ఎవరూ చెప్పకుండానే పెన్ను అందుకుని సంతకం పెట్టింది.

డిప్లొమా చేతికొచ్చాక, ఆ అబ్బాయి వేరే ఉద్యోగం చూసుకుని వెళ్ళాక, ఆ కుర్చీ ఆవిడకి వచ్చింది. మొదటి జీతం పడిన రోజు మధ్యాహ్నం కొత్త ఆసుపత్రిలో తన గదిలోంచి కూతురికి ఫోన్ చేసింది.

"వచ్చే టర్ము నుంచి హాస్టలు నేను కడతానే."

"సగం కట్టమ్మా. ఇక్కడా లాబులో పని దొరికింది."

"పనీ చదువూ అంటే నిద్రెప్పుడు పోతావు? మొత్తం నేనే కడతా. నీ జీతంతో ఆ లోను తీర్చెయ్. అది నీదే."

"సరే, అది నాదే," అంది పిచ్చుక. మళ్ళీ తనే, "ఇక్కడ అన్నం ఒక్కదాన్నే తింటున్నా ఇంకా. ఆ సీనియర్ చెప్పింది నిజమే," అంది.

"పక్క బల్ల దగ్గరికి వెళ్ళి నువ్వే పలకరించు. కాంటీన్లో ఆ అమ్మాయిని పలకరించింది నువ్వే కదూ?"

"ఆ. చూస్తాలే. నువ్వెలా ఉన్నావు?"

"నేనా, డిగ్రీ కూడా చేద్దామా అని చూస్తున్నా. నాన్నకి ఇంకా చెప్పలేదు. చెబితే ఊరంతా..."

మాట పూర్తవకుండానే బయట ఎవరో చెంప పట్టుకుని మూలుగుతూ ఆసుపత్రి తలుపు తోసుకుని వచ్చారు. బల్ల దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి కంగారుపడుతోంది. "మళ్ళీ చేస్తానే," అని ఫోన్ పెట్టేసి ఆవిడ గదిలోంచి బయటికి నడిచింది.