లాల్‌బీ ఇచ్చిన సీసా

మూత్రం వేడి చల్లారకముందే చూడాలన్నది నా పట్టుదల. ఆలస్యమైతే అందులోని కణాలు కరిగిపోయి జబ్బు దాక్కుంటుంది. అందుకే వరంగల్‌లో ఆసుపత్రిలోని నా గది పక్కనే మైక్రోస్కోప్ పెట్టుకున్నాను. ఒంటిని కాపాడాల్సిన శక్తే కిడ్నీల మీద పడి వాటిని వాచేలా చేసే జబ్బును ఇన్నేళ్లుగా చూస్తున్నాను. నా భార్య వినోదను తీసుకుపోయింది అదే.

డోర్నకల్ నుంచి వచ్చే గుల్నాజ్ నా పరిశోధనలో ఉంది. స్టెరాయిడ్ మాత్రలు ఎంతవరకు తగ్గించవచ్చో చూస్తున్నాం. పోయిన నెల చివరి సగం మాత్ర కూడా ఆపేశాను. ఆ మాత్రలతో ఉబ్బిన ముఖం వాపు తగ్గి, మళ్లీ అద్దం చూసుకుంటున్నానని మురిసిపోయింది.

ఆ రోజు ఆమె తల్లి లాల్‌బీ సీసా అందించింది. ప్రొటీన్ లేదు. ఎర్ర కణాలు లేవు. గుండె తేలికపడింది. పరీక్ష పట్టీ మీద ఒక్క గడి మాత్రం రంగు మారింది.

"షుగర్ కనబడుతున్నది బిడ్డా. స్వీట్లు బాగా తింటున్నవా?"

"దానికేడిది సార్, షుగర్ నాకుంది," అని లాల్‌బీ చటుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెప్పొద్దని నువ్వే అంటివి, నువ్వే చెప్తివి అమ్మీ!" అంది గుల్నాజ్.

"ఏం చేయాలె సార్? బిడ్డకు ఎంతసేపు కూసున్నా రాలే. మీరేమో వేడివేడిగ కావాలంటరు. మా నంబర్ అచ్చె, ఆడ బండి టైమాయె. తల్లీబిడ్డలం, ఒక్కటే రక్తం గద, ఏం ఫికర్ లేదని నాదే ఇచ్చిన."

ఇంకోసారైతే నవ్వేవాణ్ని. 'రాలే' అన్న మాట వినగానే పట్టీ పక్కన పెట్టి గుల్నాజ్ వైపు తిరిగాను.

"ఎప్పటిసంది రాలే బిడ్డా?"

"నిన్న పొద్దున జరంత అచ్చింది సార్. కూల్‌డ్రింక్ లెక్క నల్లగుండె. ఎండకనుకున్న."

ఆమె చీలమండ మీద వేలితో నొక్కాను. పడిన గుంట పడినట్టే ఉండిపోయింది. వినోద కాలి మీద కూడా అలాగే పడేది.

వెంటనే వార్డులో చేర్చుకున్నాం. మూత్రానికి గొట్టం వేస్తే చెంచాడే వచ్చింది. మైక్రోస్కోప్ కింద ఎర్ర కణాలు అచ్చుపోసినట్టు గుత్తులు కట్టి ఉన్నాయి. జబ్బు తిరగబెట్టింది. మాత్ర ఆపింది నేనే.

లాల్‌బీ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. "నేను ఖరాబ్ చేసిన్నా సార్?"

"లేదమ్మా. మీ షుగరే పట్టిచ్చింది."

అది ఓదార్పు మాట కాదు. ఆమెకు షుగర్ లేకపోతే నేను శభాష్ అని బిడ్డను రైలెక్కించేవాణ్ని.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఎక్కుతుంటే గుల్నాజ్ అడిగింది. "మొకం మల్ల ఉబ్బుతదా సార్?"

"ఉబ్బుతది బిడ్డా."

గుల్నాజ్ తల్లి వైపు తిరిగింది. "అద్దం ఇంటికి పట్కపో అమ్మీ," అంది.

మర్నాడు పొద్దున గొట్టానికి తగిలించిన మూత్రం సంచి ఖాళీగానే ఉంది. డయాలిసిస్‌కు సిద్ధం చేయమన్నాను. వినోదకు కూడా ఆ మాట నేనే చెప్పాను. ఇప్పుడు గుల్నాజ్ ముఖం చూడలేక గొట్టం వైపే చూస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం లాల్‌బీ గొంతు వార్డంతా వినిపించింది. "అస్తాంది సార్, అస్తాంది!"

పరుగున వెళ్లాను. గొట్టంలో టీ రంగు ధార. సన్నగానే అయినా ఆగకుండా దిగుతోంది.

"ఈసారి బిడ్డదే సార్, ఒట్టు," అంది లాల్‌బీ. గుల్నాజ్ నవ్వింది.

నేను కొంచెం సీసాలోకి పట్టాను. వెచ్చగా ఉంది. చల్లారకముందే చూడాలి. సీసాను రెండు చేతులతో పట్టుకుని మైక్రోస్కోప్ దాకా నడిచాను.