స్ట్రెచర్ మామయ్య దగ్గు

పొద్దున్నే పాల పాకెట్ల కోసం మెట్లు దిగేవాళ్ళు ఒకరినొకరు అడిగే మొదటి మాట ఒకటే.

"నిన్న మామయ్య మీ గుమ్మం ముందు దగ్గారా?"

స్ట్రెచర్ మామయ్య పోయి రెండు నెలలైంది. తొంభై ఒకటో ఏట, కుర్చీలో కూర్చుని బూటు లేసు కట్టుకుంటూ పోయాడు. దగ్గు మాత్రం పోలేదు. గ్యాస్ కట్టెయ్యడం మరిచిన ఇంటి ముందు, పిల్ల బాల్కనీ కమ్మీలెక్కుతున్న ఇంటి ముందు, రెండు చిన్న దగ్గులు, ఒక పెద్ద దగ్గు వినిపించేవి. ఇంటివాళ్ళు లేచి చూసి, సర్దుకుని, "సరే మామయ్యా" అనేసి మళ్ళీ తమ పనిలో పడేవారు.

దగ్గడానికి కారణం ఉంది. నాలుగంతస్తుల ఆ భవనానికి లిఫ్టు లేదు, ఆ సందులోకి అంబులెన్సు రాదు. బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసే ఆయన, పాత సీట్ల గొట్టాలూ రెక్సినూ తెచ్చి ఒక స్ట్రెచర్ తయారుచేసుకున్నాడు. ఒంట్లో సత్తువ ఉన్న నలభై ఏళ్ళూ, రెండో కొస ఆ ఇంటివాళ్ళెవరైనా పట్టుకుంటే, కదలలేనివాళ్ళని దాని మీదే కిందికి దించాడు. రెండు చేతులా అది ఉంటే తలుపు కొట్టడానికి చెయ్యి ఖాళీ ఉండదు. అందుకని గుమ్మం ముందు దగ్గేవాడు.

నాలుగో అంతస్తులో ఉన్న ఆయన కూతురికి యాభై రెండేళ్ళు. వాతావరణ కేంద్రంలో వానను కొలిచే ఉద్యోగం. చినుకు పడితే మిల్లీమీటర్లలో చెప్పగల మనిషికి, ఎవరింటి ముందు ఎన్నిసార్లు దగ్గాడో గుర్తుపెట్టుకోవడం ఒక లెక్క కాదు. మూడో అంతస్తు టీచరింటికి నాలుగుసార్లు. కింద దర్జీ ఇంటికి మూడుసార్లు. ఆయన్ని కళ్ళతో చూసైనా ఎరగని కొత్త అద్దెవాళ్ళకు రెండుసార్లు. తన గుమ్మం ముందు ఒక్కసారీ లేదు.

ఈ మంట కొత్తది కాదు. ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు తల్లి పోయింది. అప్పట్నుంచీ తండ్రే రోజూ రెండు జడలు వేసేవాడు. ఎంత కడిగినా గ్రీజు వాసన పోని వేళ్ళతో, బోల్టు బిగించినట్టు బిగించి అల్లేవాడు. ఒక్కరోజు కూడా ఆమెను ఆకలితో బడికి పంపలేదు. కానీ కుడి జడ అయ్యేసరికి మెట్ల కింద నుంచి "మామయ్యా" అని కేక వచ్చేది. "ఇప్పుడే వస్తానమ్మా" అని స్ట్రెచర్ ఎత్తుకునేవాడు. ఎడమవైపు జుట్టు గుప్పిట్లో పట్టుకుని ఆమె మెట్ల మీద నిలబడి చూసేది. వారానికి రెండుసార్లైనా ఒంటిజడతోనే బడికి వెళ్ళింది.

ఇప్పుడు ఆఫీసు నుంచి ఒక ఫారం వచ్చి ఉంది. సముద్రపు ఒడ్డునున్న కేంద్రానికి అధికారిగా వెళ్ళడం సమ్మతమా, కాదా? సోమవారానికల్లా ఇవ్వాలి. ఇంతకుముందు రెండుసార్లు తండ్రి వయసు చూపించి కాదంది. ఇంకోసారి అడగరని ఈసారి పైవాళ్ళు తేల్చి చెప్పారు. ఆమె మాత్రం మళ్ళీ కాదనాలనే అనుకుంది. తను లేనప్పుడు ఆయన వచ్చి దగ్గితే తలుపెవరు తీస్తారు?

శనివారం ఆమె కావాలనే పాలు పొయ్యి మీద పెట్టి, ముందుగదిలో కూర్చుని చెవులు రిక్కించింది. పాలు పొంగాయి, మాడాయి, గిన్నె నల్లబడింది. చివరికి తలుపు దబదబా మోగింది. టీచరు ఆయాసపడుతూ నిలబడి ఉంది.

"వదినా, పొయ్యి మీద ఏం పెట్టావు? మామయ్యగారు మా గుమ్మం ముందు ఒకటే దగ్గు. మా ఇల్లంతా వెతికి, ఏమీ లేక పైకొచ్చాను."

"మీ గుమ్మం ముందా?"

"మా గుమ్మం ముందే."

ఆమె గిన్నె తోముతూ కూర్చుంది. తన పాలు మాడినా సరే, కబురు కిందింటికే.

ఆదివారం సాయంత్రం కింద కుర్చీలు వేసి ఆయన్ని తలుచుకున్నారు. తన పురిటి నొప్పుల్లో ఆయన ఎనభై మెట్లు దించాడని టీచరు చెప్పింది. "ఆయన మా అందరికీ నాన్న," అంది. కూతుర్ని మాట్లాడమన్నారు. "నాకంటే మీకే బాగా తెలుసు," అని కూర్చుంది. ఎంత వినయమో అనుకున్నారు అంతా. ముసలి దర్జీ మాత్రం మెట్ల దగ్గర ఆమెను ఆపాడు.

"ఏమ్మా, మొహం అలా ముడుచుకున్నావు?"

"మీ ఇంటికి మూడుసార్లు వచ్చాడు, బాబాయ్. మీకేం?"

"పిచ్చిదానా, సొంతింటికొచ్చేవాడు దగ్గుతాడా? తాళంచెవి ఉందిగా ఆయన దగ్గర."

"తాళం తీసైనా లోపలికి రావచ్చుగా మరి."



సోమవారం ఎనిమిదింటికి ఆమె ఫారం ముందేసుకుని, 'సమ్మతం కాదు' అన్నచోట పెన్ను ఆనించింది.

గుమ్మం బయట రెండు చిన్న దగ్గులు, ఒక పెద్ద దగ్గు.

ఆమె వంటింట్లోకి పరిగెత్తింది. గ్యాస్ కట్టేసే ఉంది. కుళాయి, కిటికీ, ఇస్త్రీపెట్టె అన్నీ సరిగ్గానే ఉన్నాయి. వచ్చి కూర్చుని మళ్ళీ పెన్ను అందుకుంది. మళ్ళీ దగ్గు. ఈసారి కాస్త విసుగ్గా, చేతుల్లో బరువున్నవాడి దగ్గులా.

తలుపు తీసింది. ఎవరూ లేరు. గ్రీజు వాసన మాత్రం ఉంది. ఇంటికొచ్చే తండ్రి ఎన్నడూ దగ్గలేదు. ఆయన దగ్గేది ఎవరినో కిందికి దించడానికి వచ్చినప్పుడే. లోపల కదలలేని మనిషి ఉన్నప్పుడే.

ఆమె గడప మీద చాలాసేపు నిలబడింది. మెట్ల మలుపు దగ్గర ఇంకో దగ్గు వినిపించింది, ఆలస్యమవుతోందన్నట్టు.

లోపలికెళ్ళి 'సమ్మతం' అన్నచోట టిక్కు పెట్టి, సంతకం చేసి, ఫారం సంచీలో వేసుకుంది. తాళం వేసి దిగసాగింది.

మూడో అంతస్తులో టీచరు తలుపు తీసి చూసింది. "వదినా, పైన మామయ్యగారు దగ్గినట్టుంది. మీ గుమ్మం ముందేనా?"

ఇన్నేళ్ళూ అడిగినవాళ్ళందరికీ తండ్రిని ఇచ్చేసింది. ఈ ఒక్క దగ్గు మాత్రం ఇవ్వబుద్ధి కాలేదు.

"లేదే. మీకలా అనిపించి ఉంటుంది," అంది.

సంచీని గట్టిగా పట్టుకుని కిందికి దిగింది. ఆమెకు ఒక మెట్టు ముందుగా గ్రీజు వాసన దిగుతోంది.