తూర్పు చెయ్యి

మా అమ్మ అన్నం వడ్డిస్తూ మాట్లాడితే వినాలి. "ఒరేయ్ గెదే, నీ పడమటి బుగ్గ మీద మెతుకుంది, తుడుచుకో" అంటుంది. నేను నీళ్ళ కోసం వెనక్కి తిరిగేసరికి అదే మెతుకు తూర్పు బుగ్గ మీదికి పోతుంది. ఆమె ఏమాత్రం తడబడకుండా "తూర్పు బుగ్గ, తూర్పు బుగ్గ" అని అరుస్తుంది. మా బాలిలో అందరం అంతే. కొండ వైపు, సముద్రం వైపు, తూర్పు, పడమర. ఈ నాలుగూ లేకపోతే మాకు మాట పెగలదు. కుడి, ఎడమ అనే మాటలు లేవని కాదు. చెప్పులు కొనేటప్పుడూ, మోటార్‌సైకిల్ లైసెన్సు పరీక్షలోనూ వాటిని బయటికి తీసి, పని కాగానే మళ్ళీ మరిచిపోతాం.

నా భార్య సెకార్ పుట్టిల్లు కొండకి ఆవలి వైపు. అక్కడ కొండ ఉత్తరాన ఉంటుంది, మాకు దక్షిణాన. పెళ్ళైన కొత్తలో పాపం అలవాటు కొద్దీ ఉత్తరానికి తల పెట్టి పడుకుంది. అంటే మా ఊళ్ళో సముద్రం వైపుకి. పొద్దున్నే మా అమ్మ అది చూసి ఇల్లెగిరిపోయేలా కేకలు వేసింది. దేవతలుండే కొండకి కాళ్ళు చాపి పడుకునే కోడలు దొరికిందని నాలుగు వాకిళ్ళకి చెప్పుకుంది. మూడు నెలల్లో సెకార్ మా దిక్కులన్నీ ఒంటబట్టించుకుంది. అయినా పదకొండేళ్ళు గడిచినా మా అమ్మకి ఆమె "ఆవలి పిల్లే". కూరలో కారం ఎక్కువైనా, వాన రాకపోయినా తప్పు ఆవలి పిల్లదే.

ఆ సంగతి అలా ఉంచండి. సెకార్ నాట్యం చేస్తే మాత్రం అమ్మ కూడా నోరు మూసుకుని చూస్తుంది. ఆరో ఏట నుంచీ పుట్టింటి ఊళ్ళో సుమ్రి బామ్మ దగ్గర పూల నాట్యం నేర్చుకున్న మనిషి. గుళ్ళో దేవుడి ముందు ఆడే నాట్యమది. ఎవరు పడితే వాళ్ళు నేర్పడానికి లేదు. ముందు ఏడుగురు పిల్లల్ని తయారుచేసి బామ్మకి చూపించాలి. నచ్చితే బామ్మ "ఇక నేర్పుకో" అంటుంది. నచ్చకపోతే ఆ జన్మకి అంతే. ఇప్పటిదాకా బామ్మ ఇద్దరికి ఆ మాట ఇచ్చింది, నలుగురిని ఏడిపించి పంపింది. సెకార్‌కి ఆ ఒక్క మాట కావాలి. పదకొండేళ్ళుగా దానికోసమే బతుకుతోందని డప్పు వాయించే నాకు తెలియదా?

తీరా ఏడుగురు పిల్లలు దొరికి, గుడి పండక్కి ఆర్నెల్లుందనగా సెకార్ మోటార్‌సైకిల్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. బండి నడిపింది నేనే. ఆ ముక్క మా ఇంట్లో ఇప్పటికీ రోజూ వినపడుతుంది. నాలుగు నెలలు కట్టుతో చాప మీద కూర్చుని నోటితోనే నేర్పింది. "తూర్పు చెయ్యి పైకి! రస్తీ, పడమటి మడమ ఎత్తవే, నిద్రపోతున్నావా? ఇప్పుడు తూర్పుకి మూడడుగులు!" పిల్లలు చెప్పింది చెప్పినట్టు చేశారు. మెడ తిప్పడం, కళ్ళు తిప్పడం, వేళ్ళు వణికించడం అన్నీ వచ్చేశాయి. రస్తి అయితే తొమ్మిదేళ్ళకే కళ్ళతో కబుర్లు చెప్పేసేది. కట్టు విప్పాక సెకార్ నిలబడి ఆడబోతే కాలు సహకరించలేదు. దాంతో చివరిదాకా మాటే గతి అయింది.

పండగ రోజు పొద్దున్నే సుమ్రి బామ్మ తన ఏడుగురు పిల్లలతో వ్యాన్‌లో దిగింది. డెబ్బై నాలుగేళ్ళు, పిడికెడంత మనిషి. దిగీ దిగగానే సెకార్‌ని పైనుంచి కిందిదాకా చూసి, "బాగా లావెక్కావు. మీ ఆయన ఇంకా లయ తప్పుతున్నాడా?" అంది. నేను డప్పు వెనక తల దాచుకున్నాను.

సాయంత్రం పూజలో బామ్మ పిల్లలూ మా పిల్లలూ ఒకరి పక్కన ఒకరు కలిసి ఆడాలి. అందుకని కాఫీలవగానే గుడి ముందు ఒకసారి ఆడించి చూద్దామన్నారు. పద్నాలుగు మందీ కొండ వైపున్న గర్భగుడికి ఎదురుగా నిలబడ్డారు. నేను వాయించడం మొదలుపెట్టాను. మొదటి చెయ్యి లేచింది. మొదటి మూడడుగులు పడ్డాయి. అంతే, సంతలో మేకల్ని వదిలినట్టయింది. మా పిల్లలు తూర్పుకి, వాళ్ళ పిల్లలు పడమరకి. తలలు ఢీకొన్నాయి, పూలు నేల పాలయ్యాయి. రస్తి కిరీటం ఎగిరి నా డప్పు మీద పడింది. నేను మాత్రం లయ తప్పలేదని మనవి.

బామ్మ ముఖం మాడిపోయింది. "సెకార్! ఇటు రా. ఇన్నేళ్ళు నా దగ్గర ఏం నేర్చుకున్నావే? పిల్లలకి అంతా తిరగేసి నేర్పావు!"

సెకార్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "మీరు నాకేం చెప్పారో అదే చెప్పాను బామ్మా."

"నేను ఇలా చెప్పానా? ఇలాగేనా చెప్పాను?"

సెకార్ ఏడవకూడదని పెదవి కొరుక్కుంటోంది. లేచి ఏదో ఒకటి అందామనుకున్నాను గానీ, బామ్మ ముందు నా నోరు ఎప్పుడు లేచింది గనుక?

అప్పుడు అరటాకులు తుడుస్తున్న మా అమ్మ గుడ్డ పక్కన పడేసి లేచింది. నడికట్టు బిగించింది. ఇంకేముంది, ఆవలి పిల్లని అందరి ముందూ కడిగేస్తుందని నేను కళ్ళు మూసుకున్నాను.

"ఏమ్మా బామ్మగారూ," అంది అమ్మ. "నాకు నాట్యం రాదు, వంటే వచ్చు. కానీ ఆర్నెల్లుగా మా కోడలు 'తూర్పు చెయ్యి, తూర్పు చెయ్యి' అని గొంతు చించుకుంటుంటే నా చెవులు చిల్లులు పడ్డాయి. మా పిల్లలు తూర్పు చెయ్యే ఎత్తారు. మీ పిల్లలు పడమటి చెయ్యి ఎత్తారేం? పొద్దు ఎటు పొడుస్తుందో మీ వైపు చెప్పరా?"

మా కోడలు! ఆ మాట మా అమ్మ నోట వినడం నాకు అదే మొదటిసారి.

బామ్మ కోపంగా ఏదో అనబోయి ఆగింది. గర్భగుడికి ఎదురుగా నిలబడి, కళ్ళు మూసుకుని, చెయ్యెత్తి మూడడుగులు వేసింది. డెబ్బై ఏళ్ళ సాధన ఉన్న చెయ్యి, గాలి కూడా కదలనంత మెత్తగా లేచింది. కళ్ళు తెరిచి చూసుకుంది. చెయ్యి పడమరకి చాపి ఉంది. సూర్యుడేమో రెండో చేతి వైపు నుంచి ఎండ కాస్తున్నాడు.

కొండకి ఆవల, గర్భగుడికి ఎదురుగా నిలబడితే పొద్దు కుడిచేతి వైపు పొడుస్తుంది. ఇక్కడ ఎడమచేతి వైపు. బామ్మ నోరు జీవితమంతా తూర్పు అంటూనే ఉంది. ఒళ్ళు మాత్రం కుడి అని నేర్చుకుని కూర్చుంది. కొండ దాటి వచ్చినా ఆ ఒంటికి ఎవరూ సంగతి చెప్పలేదు. సెకార్ కాలు బాగుంటే తనూ ఆడి చూపించి, అదే తప్పు మా పిల్లలకీ అంటించేది. నడవలేక మాటలతో నేర్పింది గనుక పిల్లలు మాటనే పట్టుకున్నారు.

బామ్మ ఆ చెయ్యి దించుకుంది. తర్వాత తన పిల్లల వైపు తిరిగి, "మీరు పోయి నీడన కూర్చోండి. సాయంత్రం ఈ పిల్లలే ఆడతారు" అంది.

"మరి మేమో?" అంది వాళ్ళలో పెద్దపిల్ల, ఏడుపు గొంతుతో.

"దేవుడికి పడమటి చేత్తో పూలిస్తావా? కూర్చో."

సెకార్ చేతులు జోడించింది. "బామ్మా, అయితే నాకు..." మాట పూర్తి కాలేదు. ఎలా అవుతుంది? పదకొండేళ్ళ మాట అది.

బామ్మ కట్టుబట్ట అంచు ఎగదోపుకుని తిన్నగా వెళ్ళి మా పిల్లల వరుసలో చివర, రస్తి పక్కన నిలబడింది. "వాయించవయ్యా" అంది నాతో. వాయించాను. ఏడుగురు పిల్లల చేతులు తూర్పుకి లేచాయి. బామ్మ చెయ్యి మళ్ళీ పడమరకే పోయింది. రస్తి ఫక్కున నవ్వింది. సెకార్ రెండడుగులు ముందుకి వేసి ఆగిపోయింది. గురువు చేతిని తప్పని ఎలా అంటుంది?

రెండోసారీ బామ్మది పడమరే. మూడోసారీ అంతే. సెకార్ చూపులు నేల మీదే ఉన్నాయి.

బామ్మ విసుగ్గా నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏమే, మూడుసార్లు తప్పు చేశాను. గుడ్లప్పగించి నేల చూస్తున్నావు. శిష్యురాలు తప్పు చేస్తుంటే మర్యాద కోసం ఊరుకునేదానికి నేను మాటెలా ఇవ్వను?"

సెకార్ కుంటుకుంటూ వచ్చింది. బామ్మ పడమటి చేతి మీద ఛెళ్ళున ఒక దెబ్బ వేసి కిందికి దించింది. "తూర్పు చెయ్యి, బామ్మా! ఎన్నిసార్లు చెప్పాలి?" అని అరిచింది. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారిపోతున్నాయి.

బామ్మ దెబ్బ తగిలిన చోట రుద్దుకుంటూ, "అబ్బా, మంటెత్తిందే," అంది. "ఇక నేర్పుకో. ముందు నాతో మొదలుపెట్టు."