కుంటిసాకు

ఆవిడ పరుగు మొదలుపెట్టింది ఆరోగ్యం కోసం కాదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

కూతురు హాస్టలుకు వెళుతూ మంచం కింద వదిలేసిన బూట్లు ఒకనాడు ఊడుస్తుంటే చీపురుకు తగిలాయి. వేసుకుని చూస్తే కుట్టించినట్టు సరిపోయాయి. మర్నాడు తెల్లవారుతుండగా వాటితో వీధిలోకి దిగింది. మలుపు దాకా నడిచి, మలుపు తిరిగాక ముందూ వెనకా చూసుకుని పరిగెత్తింది. నడివయసు పరుగు ఎలా ఉంటుందో అలాగే ఉంది. గుండె గొంతులోకొచ్చింది, డొక్కలో పోటు పొడిచింది. అయినా మర్నాడు మళ్లీ దిగింది. ఎందుకంటే, బయట ఉన్న ఆ ముప్పావు గంటా ఆవిడ చెవిలో ఎవరూ మాట్లాడలేదు.

ఆవిడ ఉద్యోగం నీళ్ల ఆఫీసులో. పొద్దస్తమానం హెడ్‌ఫోన్ తగిలించుకుని ఫిర్యాదులు వినాలి. నీళ్లు రాలేదని, వచ్చినవి బురదగా ఉన్నాయని, పైపు పగిలి వీధి మడుగైందని. పైపు ఈవిడే సుత్తి పట్టుకెళ్లి పగలగొట్టినట్టు మాట్లాడతారు కొందరు. "అర్థమైందండీ, రాసుకున్నానండీ" అని అమ్మ నిద్రలో కూడా అంటోందని కూతురు వెక్కిరించేది.

ఇంటికొస్తే అత్తగారు. రెండు మోకాళ్లూ అరిగిపోయి, ఆ రెండో అంతస్తు దిగి ఏళ్లయింది. వెనక గదిలో కిటికీ పక్కన కుర్చీ, చేతికర్ర, ఒక స్టీలు గ్లాసు, చెంచా. ఏం కావాలన్నా గ్లాసు మీద చెంచాతో కొడుతుంది. ఆవిడ తర్వాత భర్త.

భర్త డ్రైవింగ్ నేర్పుతాడు. పక్క సీట్లో కూర్చుని, తన కాలి కింద కూడా ఒక బ్రేకు ఉండే కారులో రోజంతా తిరుగుతాడు. "మెల్లగా, ఎడమకు, ఎడమకు... అద్దం చూడు" అనడం ఆయన బతుకుతెరువు. దాన్ని ఇంటి గుమ్మం బయట వదిలి రావడం ఆయనకు చేతకాలేదు. ఈవిడ కూరలో ఉప్పు వేస్తున్నా, బ్రేకు తొక్కినట్టు కుడికాలు నేలకు నొక్కి పెడతాడు.

కోడలు బూట్లు కట్టుకోవడం మొదటిసారి చూసినప్పుడు అత్తగారు బుగ్గ నొక్కుకుంది.

"పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్నారు. ఈ వయసులో నిన్నెవరు తరుముతున్నారే అమ్మాయ్?"

"ఎవరూ తరమట్లేదత్తయ్యా. అందుకే హాయిగా ఉంది."

కొన్ని వారాలు నిజంగానే హాయిగా ఉంది. అలారం మోగకముందే మెలకువ వచ్చేది. తర్వాత ఆ సంగతి భర్త కంటబడింది.

"ఇంత మంచి పని చేస్తూ నాకు చెప్పవేం?" అని ఆయన నొచ్చుకోలేదు సరికదా, ఆ సాయంత్రమే కొత్త బూట్లు కొనుక్కొచ్చాడు. మర్నాటి నుంచి పక్కనే పరుగు. "ఎడమకు రా... గుంత, గుంత! గాలి ముక్కుతో పీల్చు. ఆ, అంతే, అలాగే పోనీ." మరో వారానికి పై అంతస్తు బ్యాంకాయన చేరాడు. ఆ తర్వాత ఎదురింటి పళ్ల డాక్టరమ్మ. చూస్తుండగానే గుంపు చిన్న ఊరేగింపంత అయింది. అందరికీ ఒకే రంగు బనీన్లు. ఫోన్లో ఒక గ్రూపు. కోడి కూయకముందే అందులో బ్యాంకాయన "లేవండి సింహాల్లారా!" అని పెడతాడు. ఈవిడకు 'స్ఫూర్తి మేడమ్' అని పేరు పెట్టారు. స్ఫూర్తి మేడమ్ ఒకరోజు రాకపోతే మధ్యాహ్నం దాకా పరామర్శలే.

ఇదివరకు అలారాన్ని ఆవిడ ఓడించేది. ఇప్పుడు అది మోగితే, నీళ్లు రాలేదని ఫోన్ చేసే మొదటి మనిషి గుర్తొస్తున్నాడు.

"రేపు నేనొక్కదాన్నే వెళ్తానండీ" అంది ఒకరోజు, పప్పుకు తిరగమోత పెడుతూ, మాట ఆ చిటపటల్లో కలిసిపోయేలా.

"ఒక్కదానివా? ఎందుకు? నేనేమన్నా అన్నానా?"

"అదేం లేదు. ఊరికే."

"ఉత్సాహం తగ్గిందా? అది అందరికీ అవుతుంది. బ్యాటరీ అయిపోయిన బండి లాంటిది. నేను వెనక నుంచి నెడతాగా!"

ఆ ముఖం చూస్తే పరీక్ష తప్పిన కుర్రాడిలా ఉంది. మంచివాడితో కాపురంలో ఇదొక్కటే ఇబ్బంది, కోప్పడటానికి చోటుండదు. ఆవిడ పప్పులో గరిటె తిప్పి, "సరే, రండి" అంది.

అబద్ధం ఆవిడ అనుకుని ఆడలేదు. ఒక పొద్దున మెట్ల మీద, కింద బనీన్ల గుంపు చప్పట్లు కొడుతుంటే, "మోకాలు" అనేసింది. తలనొప్పి అనొచ్చు, కానీ అది ఒక పూటలో పోతుంది. ఆ ఇంట్లో మోకాలికున్న గౌరవం ఇంకే రోగానికీ లేదు. కొన్నాళ్లు మూల కూర్చుంటే గుంపు చెదిరిపోతుంది, ఆయనకూ మోజు తీరుతుంది, అప్పుడు మళ్లీ తన దారిన తను పరిగెత్తొచ్చు అనుకుంది.

"ఏ కాలు?" అన్నాడు భర్త.

"ఎడమది."

పళ్ల డాక్టరమ్మ అక్కడే మెట్ల మీద నొక్కి చూసింది. "పన్నయితే పీకేసేదాన్ని. మోకాలు కదా, విశ్రాంతే మందు. పరుగన్న మాటే ఎత్తొద్దు" అంది. ఆ సాయంత్రమే భర్త కూతురి బూట్లను సంచిలో చుట్టి అటక మీద పెట్టేశాడు. బూట్లతో పాటు పరుగూ అటకెక్కింది. గుంపు మాత్రం చెదరలేదు. ఆయన దానికి నాయకుడై, రోజూ తెల్లవారకముందే అందరినీ మైదానానికి తోలుకుపోతున్నాడు. వాళ్లు తిరిగొచ్చేసరికి నిమ్మరసం కలిపి ఉంచడం స్ఫూర్తి మేడమ్ వంతు.

రోజూ సాయంత్రం ఆయన ముందు తన తల్లి మోకాళ్లకు, తర్వాత భార్య ఎడమ మోకాలికి మందు రాసేవాడు. "ఇక్కడేనా?" అనేవాడు. "ఆ... అక్కడే" అనేది. ఆ వేళ్లు ఎంత మెత్తగా తిరిగేవంటే ఆవిడకు ఏడుపొచ్చేది. నొప్పికేమో అనుకుని ఆయన ఇంకా మెత్తగా రాసేవాడు.

ఒక ఉదయం ఆయన మైదానానికి వెళ్లాక, గ్లాసు మీద చెంచా మోగింది. ఆవిడ కాఫీ పట్టుకుని కుంటుకుంటూ వెళ్లింది.

"అక్కడ పెట్టు. వెనక్కెళ్లి మళ్లీ రా" అంది అత్తగారు.

"ఎందుకత్తయ్యా?"

"రమ్మంటే రా!"

వెళ్లి వచ్చింది.

"నిన్న ఎడమ కాలు కుంటావు. ఇవాళ కుడి కాలు. కుంటిసాకు అని వినడమేగానీ, అది కాళ్లతో నడిచి రావడం ఇదే చూడటం." అత్తగారు కాఫీ ఊదుకుంటూ తీరిగ్గా తాగింది. "నా ముందా అమ్మాయ్, మోకాళ్ల కథలు? దీనిలో నేను ఆరితేరాను."

కోడలు మంచం అంచున కూలబడింది. చెప్పేసింది. హెడ్‌ఫోన్ గురించి, మలుపు గురించి, చెవుల్లో తన ఊపిరి తప్ప ఏమీ వినపడని ఆ కాసేపటి గురించి. అత్తగారు మధ్యలో అడ్డు రాలేదు. అంతా విని, "మరి నా చెంచా చప్పుడు కూడా ఆ లెక్కలోదేనన్నమాట" అంది.

"మీ గురించి కాదత్తయ్యా..."

"నా గురించి కూడానులే. బూట్లు తియ్యి."

చేతికర్ర కొక్కెంతో అటక మీది సంచిని కిందికి లాగారు. అత్తగారు ఒకే ఒక్క షరతు పెట్టింది.

"వీధిలోకి పోవద్దు, ఎవరో ఒకరు చూసి వాడికి మోస్తారు. కిటికీ కింది సందులో పరిగెత్తు. నాకు కనపడేలా. పొద్దున్నే ఈ గోడని చూసి చూసి నా కళ్లు కాయలు కాశాయి. వాడి బండి చప్పుడు వినపడితే గ్లాసు కొడతాను."

ఆ సందుకు ఒకవైపు పరుపుల గోదాము గోడ, రెండోవైపు వీళ్ల ఇళ్ల వెనక గొట్టాలు, చివర చెత్తడబ్బాలు. మొదలుపెట్టేలోపు అయిపోతుంది. ఆవిడ చెత్తడబ్బాల దాకా వెళ్లి గిర్రున తిరిగి, గేటు దాకా వచ్చి మళ్లీ గిర్రున తిరిగేది. గానుగెద్దు నయం, దానికి వెనక్కి తిరిగే పనిలేదు. అయినా ఊపిరి తన ఊపిరే. మాట్లాడేవాళ్లు లేరు. తలెత్తితే మాత్రం కిటికీలో ముఖం. పొద్దున్నే దువ్వుకున్న తల, నాటకానికి ముందు వరసలో కూర్చున్న మనిషిలా కిటికీ అంచు మీద మోచేతులు.

మొదట్లో ఆ ముఖం చూస్తే నవ్వొచ్చేది. పోనుపోను, బద్ధకం వేసిన రోజు కూడా దిగక తప్పేది కాదు. "ఏం, ఇవాళ ఆట లేదా?" అనేది అత్తగారు. ఉదయం కాళ్లు కదిలించే మనిషిని చూడటం ఆవిడకిప్పుడు మందులాంటిదైంది. ఒకరు నెట్టే బండిని కాకుండా తప్పించుకుని, ఇంకొకరు లాగే బండినయ్యానా అనుకుంది కోడలు, చెత్తడబ్బాల దగ్గర తిరుగుతూ.

ఆ తిరగడమే తంటా తెచ్చింది. గిర్రున తిరిగిన ప్రతిసారీ బరువంతా కుడికాలి మీద పడేది. ఒకరోజు నిద్ర లేచేసరికి కుడి మోకాలు మడత పడటం లేదు.

"ఇవాళ వద్దత్తయ్యా. నిజంగానే నొప్పిగా ఉంది."

"కుంటిసాకులు వాడికి చెప్పు, నాకు కాదు."

"ఒట్టు, అత్తయ్యా!"

"మేఘాలు కూడా లేవు, చక్కటి పొద్దు. నాలుగు చుట్లు తిరుగు, అదే పోతుంది."

దిగింది. అత్తగారి మాట కొట్టేయలేక కొంత, ఇవాళ మానితే రేపు దిగనేమోనన్న భయంతో కొంత. నాలుగో చుట్టులో మోకాలి లోపల ఏదో కలుక్కుమంది. అప్పుడే పైన గ్లాసు గణగణా మోగింది. బ్యాంకాయనకు కాలు బెణికితే భర్త ఆయన్ని ఎక్కించుకుని ముందే వచ్చేశాడు.

బూట్లు విప్పి గొట్టాల వెనక తోసి, కమ్మీ పట్టుకుని మెట్లెక్కింది. గుమ్మంలో భర్త నిలబడి ఉన్నాడు. వెనక, ఎప్పుడు లేచి వచ్చిందో, చేతికర్ర మీద వాలి అత్తగారు. ఆవిడ కొడుకు భుజం మీదుగా కోడలి వంక చూసి, తన ఎడమ మోకాలు మెల్లగా తట్టుకుంది.

కోడలు ఎడమకాలు కుంటింది. నొప్పి ఉన్న కాలి మీద బరువు మోపి, నొప్పి లేని కాలిని ఈడ్చుకుంటూ గది దాటింది. చెమటలు కారిపోయాయి.

"అమ్మ చెప్పింది. చెత్త పడేయడానికి నువ్వెందుకు దిగావు? నేను లేనా?" అన్నాడాయన.

సాయంత్రం మందు రాస్తూ కుడి మోకాలి వాపు చూశాడు. చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. పక్క గదిలోంచి అత్తగారు, "ఒక కాలు కుంటితే బరువంతా రెండోదాని మీద పడదట్రా? దానికీ రాయి" అంది. ఆ గొంతులో పొద్దున్నటి పదును లేదు.

ఆయన రెండింటికీ రాశాడు. సీసా మూత బిగించి, "అయితే ఒక పని చేస్తాను. రేపటి నుంచి మైదానం మానేస్తాను. పొద్దున్న నీకు తోడుగా ఇంట్లోనే ఉంటా. గ్రూపులో కూడా పెట్టేశా" అన్నాడు.

ఆవిడకు గోడలు దగ్గరికి జరిగినట్టనిపించింది.

"వద్దండీ. వినండి. నా ఎడమ మోకాలికి ఎప్పుడూ ఏమీ లేదు. అబద్ధం చెప్పాను. నేను ఒక్కదాన్నే పరిగెత్తాలని."

ఆయన నవ్వాడు. ఆ నవ్వులో ఎంత ప్రేమ ఉందంటే ఆవిడకు ఊపిరాడలేదు. "నేను మైదానం మానేస్తానన్నాననే ఇలా అంటున్నావు కదూ? నా సరదా చెడకూడదని. నాకు తెలీదా నీ సంగతి?"

"నిజమండీ!"

"ఏదీ, నిలబడు చూద్దాం."

లేచింది. కుడికాలు ఒక్కసారిగా పట్టు తప్పింది. ఆయన పట్టుకున్నాడు. "చూశావా?" అన్నాడు, మెత్తగా. ఆయన కుడికాలు నేలను నొక్కి ఉంది.

తెల్లవారింది. ఆయన మంచం పక్కన కుర్చీ వేసుకుని, ఆవిడ కాళ్ల కింద దిండు సర్దుతూ, విశ్రాంతి ఎలా తీసుకోవాలో చెబుతున్నాడు. వెనక గదిలో చెంచా మోగింది.

"ఒరేయ్, నన్ను కిందికి దింపు."

"ఎక్కడికమ్మా? ఏళ్ల తర్వాత ఇప్పుడా?"

"సందులోకి. గాలి పీల్చుకోవాలి. నడిపించు, నేర్పడం నీ పనే కదా!"

మెట్ల మీద ఒక్కో అడుగూ ఒక్కో యుగం. "మెల్లగా అమ్మా... ఎడమ కాలు... కమ్మీ పట్టుకో..." అన్న గొంతు అంతస్తు అంతస్తూ దిగి, సన్నబడి, ఆగిపోయింది.

ఇంట్లో చప్పుడు లేదు.

ఆవిడ ఒంటికాలి మీద గోడ పట్టుకుంటూ వంటింట్లోకి, అక్కణ్ణుంచి నీళ్ల గ్లాసుతో వెనక గది కిటికీ దగ్గరికి చేరింది. కింద సందులో ఆయన తల్లి చెయ్యి పట్టుకుని చెత్తడబ్బాల వైపు నడిపిస్తున్నాడు. అత్తగారి పళ్లు బిగుసుకుని ఉన్నాయి. అంత దూరం నుంచి కూడా తెలుస్తోంది ఆ నొప్పి. డబ్బాల దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, ముసలావిడ తలెత్తి కిటికీ వంక చూసింది. ఆయన ఇంటివైపు తిప్పబోతే చెయ్యి విదిలించుకుని, "ఇంకో చుట్టు" అన్నట్టు వేలు చూపించింది.

కోడలు నిలబడే నీళ్లు తాగింది. మెల్లగా, ఒక్కో గుక్కా. గొట్టాల వెనక నుంచి బూటు కొన కొద్దిగా బయటికి కనపడుతోంది. ఆయన ఇంకా దాన్ని చూడలేదు.