పెద్దకర్మ భోజనం చేసినవారి అభిప్రాయాలు

నవల రెండో భాగం మీద మొదటి అభిప్రాయం మంగళవారం పొద్దున పదకొండింటికి వస్తుంది. అది తడిగా ఉంటుంది. స్టీలు గిన్నెలో పెట్టి, మూత వేసి, మూత జారకుండా గుడ్డ కట్టి తెచ్చారు. జలజాక్షి గుడ్డ విప్పి చూస్తుంది. లోపల ఒక గారె ఉంది. మధ్యలో చిల్లు, అంచున అల్లం ముక్క, అన్నీ సక్రమంగానే ఉన్నాయి. కాకపోతే అది ఏడాది కిందట ఒకాయన తిని, అరిగించుకుని, మరిచిపోయిన గారె.

"మింగింది మింగినట్టే వచ్చిందండీ," అంటారు పరాంకుశం గారు గుమ్మంలో నిలబడి, జేబురుమాలుతో మూతి తుడుచుకుంటూ. ఆయన బస్సు డిపోలో గుమాస్తాగా రిటైరయ్యారు, జలజాక్షి పాఠకుల సంఘానికి అధ్యక్షులు. "నూట పధ్నాలుగో పేజీ దగ్గరండీ. ఆవిడ కాలవలోంచి లేచొచ్చే చోటు ఉంది చూడండి, అక్కడ."

"పుస్తకం ఎలా ఉందండీ?" అని అడుగుతుంది జలజాక్షి. రచయిత్రి కదా, గిన్నెలో ఏమున్నా ముందు నోటికొచ్చేది ఆ ప్రశ్నే.

"రోతగా ఉందండీ," అంటారాయన ఎంతో మర్యాదగా. కాఫీ ఇవ్వనా అంటే, బంతిలో వడ్డన చాలన్నవాళ్ళు ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టినట్టు గాలిలో చెయ్యి అడ్డం పెడతారు. "గిన్నె మాత్రం ఇప్పించండి. మా ఆవిడ అడుగుతుంది."

ఈ గారె సంగతి చెప్పాలంటే మొదటి భాగం సంగతి చెప్పాలి. దాని పేరు 'మూతల కింద'. అందులో బెజవాడ కింద ఇంకో బెజవాడ ఉంటుంది. పైన మనం కాలవల్లోకి వదిలేసినవన్నీ అక్కడ వీధులై, మేడలై, వీధి దీపాలై నిలబడతాయి. కువలయ అనే అమ్మాయి ఇంటింటికీ తిరిగి కరెంటు మీటరు రీడింగ్ తీసుకునే మనిషి. వన్ టౌన్‌లో ఒక మీటరు వెనక్కి తిరగడం చూసి, దాని తీగ పట్టుకుని పోయి, రోడ్డు మీది ఇనపమూత ఎత్తి కిందికి దిగుతుంది. ముప్పై అధ్యాయాలు దిగుతూనే ఉంటుంది. ముప్పై ఒకటో అధ్యాయంలో పైనుంచి ఎవరో ఆ మూత వేసేస్తారు. ఎవరన్నది జలజాక్షి రాయలేదు. అమ్మాయి లోపలే పోతుంది.

పాఠకులు ఏడ్చారు. ఏడ్చి ఊరుకోలేదు. గాంధీనగర్‌లో ఒక హాలు తీసుకుని, అట్ట మీది కువలయ బొమ్మకు దండ వేసి, పదకొండో రోజున పెద్దకర్మ చేశారు. గారెలు, ముద్దపప్పు, అరటికాయ కూర, పరమాన్నం. మూడు వందల మంది బంతులు తీరి కూర్చుని తిన్నారు. తింటూ కూడా, మూత వేసిన చెయ్యి ఎవరిదని వాదించుకున్నారు. జలజాక్షీ తిన్నది. మూడు గారెలు వేయించుకుంది. అంత ఆకలి ఆమెకు ఎన్నడూ వెయ్యలేదు. తన రాతకు అంతమంది ఏడవడం అదే మొదలు మరి.

తర్వాత ప్రచురణకర్త ఫోను చేశాడు. జలజాక్షి పంతొమ్మిది రోజుల్లో రెండో భాగం రాసి, కువలయను బతికించేసింది.

కర్మ అయిపోయిన మనిషిని మళ్ళీ గడప ఎక్కించకూడదని పసిపిల్లలకు కూడా తెలుసు. జలజాక్షికీ తెలుసు. పుస్తకంలో మనిషికి ఆ పట్టింపేమిటి అనుకుంది. పుస్తకంలో మనిషి పేరున పెట్టిన భోజనం తినేటప్పుడు మాత్రం అలా అనుకోలేదు.

మధ్యాహ్నానికి అభిప్రాయాల వరస మూడో అంతస్తు నుంచి మెట్ల మీదుగా వీధి మొగలోని మందుల షాపు దాకా పోతుంది. టిఫిన్ క్యారియర్లు, హార్లిక్స్ సీసాలు, ముడి వేసిన ప్లాస్టిక్ కవర్లు. ఎవరూ తోసుకోరు. ఎవరి ముక్కు వాళ్ళు మూసుకుని, ఎవరి వంతుకు వాళ్ళు నిలబడతారు. మెట్లన్నీ జిగటగా ఉన్నాయి. కింది వాటావాళ్ళు చెప్పులు అంటుకుపోయి, ఉత్త కాళ్ళతో నడుస్తున్నారు.

గుడివాడ నుంచి వచ్చిన సుగుణమ్మ గారు గాజు గ్లాసు అందిస్తుంది. అందులో పరమాన్నం, పైన తేలుతూ ఒక జీడిపప్పు.

"ఏవమ్మా, చచ్చినదాన్ని ఎందుకు లేపావు?" అంటుంది. "లేపితే లేపావు, ఒళ్ళన్నా కడగొద్దూ? పుస్తకం తెరిస్తే చేతికి తెట్టు అంటుకుంటోంది. నాలుగు పేజీలు తిప్పాక మా కోడలు నన్ను వంటింట్లోకి రానివ్వలేదు."

"భాష ఎలా ఉందండీ?"

"భాష శుభ్రంగానే ఉంది. అదే ఇంకా కంపు."

జలజాక్షి గ్లాసు పుచ్చుకుంటుంది. గ్లాసు గోరువెచ్చగా ఉంది. చెయ్యి చాచి, దూరంగా పట్టుకుని, వంటింట్లోకి తీసుకుపోతుంది.

వంటింట్లో సింకు పక్కన కువలయ నిలబడి ఉంది. పుస్తకం విడుదలైన రోజు నుంచీ అక్కడే ఉంది, ఇవాళ్టికి ఎనిమిదో రోజు. వచ్చినప్పుడు ఆమెకు జుట్టు, ఎడమ పాదం, రీడింగు రాసుకునే సంచీ మాత్రమే ఉన్నాయి. మిగతాదంతా ఇప్పుడు వస్తోంది. ఒక్కో గారెను తీసుకుని ఒంటికి అతికించుకుంటే అది కీలవుతుంది. మోకాలు, మోచెయ్యి, వేళ్ళ కణుపులు. ముద్దపప్పు కండ. అరటికాయ ముక్కలు పళ్ళు. సుగుణమ్మ గారి పరమాన్నాన్ని కువలయ చెంపలకు పులుముకుంటుంది. ఆరాక అది చర్మంలాగే ఉంది. జీడిపప్పును చెవి తమ్మెకు పెట్టుకుంటుంది.

"ఎలా ఉన్నానమ్మా?" అని అడుగుతుంది.

జలజాక్షికి కడుపులో ఏమీ తిప్పదు. బాగున్నావనే అంటుంది. తను అలా అనగలగడమే ఆమెకు వింతగా తోస్తుంది. వీధంతా ముక్కు మూసుకుంటుంటే తన ముక్కుకు ఏమైందో తెలియదు.

"శుక్రవారంతో పదకొండో రోజమ్మా," అంటుంది కువలయ, మీటరు చూసి అంకె చెప్పినంత మామూలుగా. "పన్నెండింటి లోపల తిన్నదంతా వాపసు రావాలి. ఒక్క మెతుకు తగ్గినా కర్మ చెల్లినట్టే. నేను మళ్ళీ ఇందులోంచి కిందికి పోతాను." సింకులోని జాలీ వైపు చూపిస్తుంది. జాలీ కింద ఎవరో గొంతు సవరించుకుంటున్న చప్పుడు.

బుధవారం ప్రచురణకర్త ఫోను చేస్తాడు. అతని గొంతు కూడా ముక్కు మూసుకునే ఉంది.

"మూడో భాగంలో మళ్ళీ చంపెయ్యండి మేడమ్. పాఠకులు స్థిమితపడతారు. ఒక్క వాక్యం చాలు, ఫోన్‌లో చెప్పినా వేసేస్తాం. ఈసారి భోజనాలు మా తరఫున."

జలజాక్షి వద్దని అనదు. ఆలోచిస్తానంటుంది. ఫోను పెట్టేసి వెనక్కి తిరిగితే వంటింటి గుమ్మంలో కువలయ ఉంది. ఆమెకు కళ్ళు వచ్చాయి. నిన్నటిదాకా అవి లేవు.

"మళ్ళీ చంపుతారామ్మా?"

"వాళ్ళు అడుగుతున్నారు."

"మొదటిసారి ఎవరూ అడగలేదుగా."

జలజాక్షి గిన్నెలు కడగడం మొదలుపెడుతుంది. ఎవరి గిన్నె వాళ్ళకు తోమి ఇవ్వాలి, మీద పేర్లు చెక్కి ఉన్నాయి. నాలుగో గిన్నె తోముతుండగా ఆమెకు సిగ్గేస్తుంది. ఆ సిగ్గు మోచేతుల దాకా సబ్బు నురుగులా పాకుతుంది. ప్రచురణకర్తకు మళ్ళీ ఫోను చేసి, చంపనని చెప్పేస్తుంది. అతను విన్నాడో లేదో, అవతల వాంతి చప్పుడు.

శుక్రవారం పొద్దున పదిన్నరకు వరస అయిపోతుంది. చివరి కవరు కూడా వచ్చేసింది. కువలయ నిలువెత్తు మనిషై సింకు పక్కన నిలబడింది. ఒక్కటే లోటు. గొంతు కింద, రొమ్ము ఉండాల్సిన చోట, రెండడుగుల గుండ్రటి కన్నం ఉంది. ఆమె రెండడుగుల వెడల్పు మనిషి కాదు, కన్నం మాత్రం రెండడుగులే. అందులోంచి పాచినీళ్ళ గాలి వీస్తోంది. క్యాలెండరు కాగితాలు రెపరెపలాడుతున్నాయి.

"ఎవరో ఇంకా ఇవ్వలేదు," అంటుంది జలజాక్షి.

"మీరేనమ్మా."

జలజాక్షి ఉప్పునీళ్ళు తాగుతుంది. గొంతులో వేలు పెట్టుకుంటుంది. చెత్తబుట్ట మూత తీసి వాసన చూస్తుంది. కడుపు రాయిలా ఉంది, కదలదు. పదకొండున్నర అవుతుంది. కువలయ కాళ్ళు సింకు వైపు జరగడం మొదలుపెడతాయి, ఆమె జరపకుండానే. ఆమె స్టౌ గట్టు పట్టుకుంటుంది. జలజాక్షి ఆమె చెయ్యి పట్టుకుంటుంది. ఆ చెయ్యి వేడిగా, మెత్తగా, నూనె జిడ్డుగా ఉంది. వదిలితే పోతుంది. జీవితంలో మొదటిసారి జలజాక్షికి ఒక మనిషి కావాలనిపిస్తుంది. ఆ మనిషి పోతే పాఠకులకు వచ్చే ఏడుపు అక్కర్లేదు.

"పరాంకుశం గారూ!" అని అరుస్తుంది.

సంఘమంతా మెట్ల మీదే ఉంది. ఖాళీ గిన్నెల కోసం ఆగారు. పరాంకుశం గారు లోపలికి వచ్చి, పరిస్థితి చూసి, ముక్కు వదలకుండానే అడుగుతారు.

"రెండో భాగం చదివారా అండీ?"

"రాశాను కదండీ."

"చదివారా అనండీ నేనడిగేది."

చదవలేదు. పంతొమ్మిది రోజుల్లో రాసింది, ఇరవయ్యో రోజున పంపింది, తిరిగి చూసుకోలేదు. పరాంకుశం గారు తన ప్రతిని రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకను తోక పట్టి ఎత్తినట్టు ఎత్తి, ఆమె ముందు పెడతారు. నూట పధ్నాలుగో పేజీ దానంతటదే తెరుచుకుంటుంది. జలజాక్షి ఒక చేత్తో కువలయను పట్టుకుని, పైకి చదువుతుంది.

"కువలయ కాలవ గట్టెక్కింది. ఆమె జడలో మల్లెలు వాడలేదు. నవ్వుతూ అంది, నేను మీ కోసమే తిరిగొచ్చాను."

ఆ మల్లెల దగ్గర ఆమె నోరు చేదవుతుంది. పేజీ తిప్పుతుంది. నవ్వుతూ నడిచింది. నవ్వుతూ అన్నం తిన్నది. ఏడాది పాటు చీకట్లో, మోకాళ్ళ దాకా మురుగులో ఉన్న మనిషి. అక్కడ ఏం తిన్నదో, ఎవర్ని పిలిచిందో, మూతను కింది నుంచి ఎన్నిసార్లు గుద్దిందో ఒక్క ముక్క లేదు. ఎవరు వేశారని ఆమె అడగను కూడా అడగదు. జలజాక్షే అడగనివ్వలేదు. అడిగితే చెప్పాల్సి వస్తుంది.

అప్పుడు రోత పుడుతుంది. గారె మీద కాదు, కంపు మీద కాదు. మూడో గారె వేయించుకుంటున్న తన చెయ్యి కళ్ళ ముందు కనిపిస్తుంది, ఆ చెయ్యి అంటే రోత. కడుపులో రాయి కదులుతుంది.

మొదట మూడు గారెలు వస్తాయి. తర్వాత ఆమె నోరు అవసరమైనంత మేరకు తెరుచుకుంటుంది, అందులోంచి ఇనపమూత వస్తుంది. రెండడుగుల మూత. అంచున తుప్పు, మధ్యలో ఎత్తడానికి కొక్కెం, అడుగున లోపలి నుంచి గుద్దిన సొట్టలు. గచ్చు మీద పడి, దొర్లి, పరాంకుశం గారి కాళ్ళ దగ్గర ఆగుతుంది.

మెట్ల మీద ఏడాది వాదన ముగిసింది.

"మూత వేసింది మీరా అండీ?" అంటారు పరాంకుశం గారు.

"నేనేనండీ," అంటుంది జలజాక్షి. "మీరు ఏడుస్తారని వేశాను."

సుగుణమ్మ గారు "ఛీ" అంటుంది. అది ఆ నాలుగు రోజుల్లోకీ చిన్న అభిప్రాయం.

పన్నెండుకు నాలుగు నిమిషాలుంది. కువలయ మూడు గారెలను కన్నం అంచున కీళ్ళుగా బిగించుకుని, మూత ఎత్తి రొమ్ముకు తగిలించుకుంటుంది. సరిగ్గా పడుతుంది. ఆమె ఊపిరి తీస్తుంది. కాళ్ళు సింకు వైపు జరగడం మానేస్తాయి. పన్నెండు గంటలు కొడుతుంది, ఏమీ కాదు. జలజాక్షి గట్టు మీద తల ఆనించి ఏడుస్తుంది. ఎవరూ ఓదార్చరు, ఎవరూ వెళ్ళిపోరు కూడా.

కువలయ సంచీలోంచి ఇనప కడ్డీ తీసి, కొక్కేనికి తగిలించి, తన మూత తనే ఎత్తుతుంది. లోపల గోడకు కొట్టిన ఇనప మెట్లు ఉన్నాయి. చాలా కింద వీధి దీపాలు. కంపు ఇల్లంతా నిండుతుంది.

"చూసి రండమ్మా," అంటుంది, వాటా చూపించే ఇంటామెలా.

పాఠకులు ఛీ ఛీ అనుకుంటూ, ముక్కులు మూసుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, ఒకరి వెనక ఒకరు ఆమెలోకి దిగుతారు. మూడు వందల మందీ దిగుతారు. చివరగా జలజాక్షి దిగుతుంది. నాలుగు మెట్లు దిగాక తల ఎత్తి చూస్తే, కువలయ గడ్డం కింది భాగం కనిపిస్తుంది.

"తీసే ఉంచనామ్మా, వెయ్యనా?"

"వెయ్యి," అంటుంది జలజాక్షి.

మూత పడుతుంది. దాని చప్పుడు ఆమె ఇన్నాళ్ళకు వింటుంది. అడుగున, మోకాళ్ళ దాకా నీళ్ళలో, పాఠకులు బంతులు తీరి కూర్చుని ఉన్నారు. నీళ్ళ మీద వాళ్ళ విస్తళ్ళు కదలకుండా తేలుతున్నాయి. మెట్ల చివర ఒక బకెట్టు, ఒక గరిటె పెట్టి ఉన్నాయి. బకెట్టు నిండా చీకటి, గోరువెచ్చగా. జలజాక్షి బకెట్టు ఎత్తుకుని మొదటి ఆకు ముందు వంగి, ఒక గరిటె వడ్డిస్తుంది. పరాంకుశం గారు ఒక చేత్తో ముక్కు మూసుకునే ఉన్నారు. రెండో చెయ్యి మాత్రం ఆకు మీద అడ్డం పెట్టరు.