మూడో పూత మీద వేలిముద్ర

గువాగువా ఊళ్లో ఒనోఫ్రే చేసే, బల్ల మీద బంతులు కొట్టే పూల్ కర్రలకు ఎంత పేరుందో అతని నోటికీ అంతే పేరుంది. కర్రకు చెమ్మ పట్టనివ్వని సీలర్ పూత పూశాక అది ఆరేదాకా ముట్టుకున్నవాడు అతని లెక్కలో మనిషే కాదు. తన కర్ర మీద చెయ్యి జారాలి గానీ చెయ్యి పడ్డ గుర్తు ఉండకూడదని ఇరవై ఏళ్లుగా ఊరందరికీ చెప్పి విసిగించాడు.

అతని బామ్మర్ది యాకో ఆదివారం పక్కూరు సస్మువాన్ వాళ్లతో పోటీ ఆడాలి. వానలకు చెమ్మ పట్టి, వాడి కర్ర వేళ్ల మధ్య జారకుండా పట్టేస్తోంది. సోమవారం తెచ్చిచ్చాడు. ఒనోఫ్రే దాన్ని గిరగిర తిప్పే లేతు యంత్రానికెక్కించి, ఉప్పు కాగితంతో మురికి తీసి, తడిగుడ్డతో తుడిచి, లేచిన నూగును మళ్లీ రుద్ది, సీలర్ పూసి దూలానికి వేలాడదీశాడు.

వానాకాలం పూత ఓ పట్టాన ఆరదు. యాకోకు కాలు నిలవదు. మంగళవారం ఆరిందేమోనని వేలు పెట్టి చూశాడు, ముద్ర పడింది. ఒనోఫ్రే వాణ్ని నానా మాటలూ అని, పూతంతా గీకి మళ్లీ పూశాడు. గురువారం ఇంకో మచ్చ. ఈసారి వేలు పెట్టలేదని, వాసన పోయిందో లేదో చూడబోతే ముక్కు తగిలిందని యాకో చెప్పుకున్నాడు. గీకిన కొద్దీ కర్ర సన్నబడుతోంది.

"ఇంకొక్కసారి గీకానంటే దీంతో బంతులు కొట్టవు, చేపలు గుచ్చి కాల్చుకుంటావ్" అన్నాడు ఒనోఫ్రే. మూడో పూత వేసి, కొట్టుకు తాళం పెట్టి, తాళంచెవి మెడలో వేసుకున్నాడు.

శనివారం పొద్దున తలుపు తీస్తే కర్ర నడుమ బొటనవేలి ముద్ర. ఒనోఫ్రే వీధంతా వినబడేలా బామ్మర్దిని తిట్టాడు. భార్య ఫెలిసా వచ్చి కళ్లద్దాలు పెట్టుకుని చూసింది. ముద్రకు అడ్డంగా ఏటవాలు గీత ఉంది. ఆమె మొగుడి కుడిచెయ్యి తిప్పి చూపించింది. నిరుడు ఉలి తగిలి తెగి మానిన గాటు బొటనవేలి మీద అలాగే ఉంది. నిన్న ఆ దూలం కింద ఎన్నిసార్లు తిరిగాడో, చెయ్యి ఎప్పుడు పైకి లేచిందో అతనికే తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

ఇక గీకడానికి కర్రా లేదు, గడువూ లేదు. సాయంత్రం ముద్ర మీదే మైనం రాసి, తోలుముక్కతో మెరుగు పెట్టి యాకోకు ఇచ్చాడు. కర్ర వాడి వేళ్ల మధ్య హాయిగా జారింది. అంతలో వాడి చూపు ముద్ర మీద పడింది, మొహం వాడిపోయింది.

"నేనే అయ్యుంటాను బావా. కల్లో కూడా దీన్నే తడుముతున్నా. తాళం ఎలా తీశానో నాకే తెలీదు."

ఫెలిసా మొగుడి వంక చూసింది. నిజం ఒనోఫ్రే నాలుక చివరిదాకా వచ్చింది. ఇరవై ఏళ్ల గొప్పలు దాన్ని వెనక్కి నెట్టేశాయి.

"సర్లే రా. ఈసారికి క్షమించాను" అన్నాడు.

యాకో కళ్లు చెమర్చాయి. పెద్దల దీవెన తీసుకునే అక్కడి ఆచారం ప్రకారం వంగి, బావ కుడిచెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకోబోయాడు. ఒనోఫ్రే బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి బిగించాడు.

"వేలు కూడా చాపయ్యా" అంది ఫెలిసా. "వాడికి దీవెన నిండుగా అందాలిగా."