జగ్గు అడుగున మిగిలిన నీళ్ళు

ఆ ప్రయోగశాలలో అందరికీ ఆమె నీళ్ళ పిన్ని. పద్దెనిమిదేళ్ళుగా మొక్కలకు నీళ్ళు పోయడమే ఉద్యోగం. మోకాళ్ళు అరిగాయి గానీ పని మాత్రం అరగలేదు. పొద్దున్నే మంచం మీదున్న అత్తగారికి తినిపించి, ఆయాసంతో కూర్చునే నిద్రపోయే మొగుడికి మందులిచ్చి, తను గుక్కెడు నీళ్ళయినా తాగిందో లేదో గుర్తులేకుండా బయలుదేరేది. పనిలోకి వచ్చేసరికే తల ప్రాణం తోకకొచ్చేది.

మూడేళ్ళుగా ఆమె చేతిలో ఉన్నవి రెండు గదుల చిక్కుడు మొక్కలు. ఒకే విత్తనం, ఒకే మట్టి, ఒకే దీపాలు. తేడా అల్లా గోడకు బిగించిన డబ్బాలోనే. ఎడమ గది డబ్బా రాత్రింబవళ్ళు రేడియో తరంగాలు వదులుతుంది. కుడి గదిలో అచ్చం అలాంటిదే ఉత్తినే కూర్చుంటుంది. రేడియో అన్నారు గదా, పాటలొస్తాయేమోనని పిన్ని మొదట్లో చెవి పెట్టి కూడా చూసింది. ఆ తరంగాల వల్ల మొక్క ఎదుగుదల తగ్గుతుందా అన్నది పరిశోధన చేస్తున్న అమ్మాయి ప్రశ్న. కళ్ళ కింద నల్లటి చారలతో, స్కేలు పట్టుకుని రోజూ ఒక్కో మొక్కనూ కొలిచేది.

మొదటి విడతలో ఎడమ గది మొక్కలు వేలెడు పొట్టిగా వచ్చాయి. ఒకసారి చూస్తే చాలదని ఇంకో రెండు విడతలు వేశారు. ఆ రెండింటిలోనూ తేడా మాయమైంది. రెండు గదులూ సమానంగా ఎదిగాయి. పెద్దసారు కాగితాలు తిరగేసి, మూడేళ్ళు కొండను తవ్వాం, ఎలుక కూడా దొరకలేదు అని నవ్వాడు. మొదటిసారి వచ్చింది కాకతాళీయం, ప్రభావమేమీ లేదని థీసిస్‌లో రాసి శుక్రవారం ఇచ్చెయ్యమన్నాడు. వచ్చే నెల నుంచి అమ్మాయికి ఒక కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం ఖాయమై ఉంది.

"ఇచ్చేసి రెండు రోజులు పడుకుంటాను పిన్నీ. ఇంక నావల్ల కాదు," అంది అమ్మాయి.

నేల తుడుస్తున్న పిన్ని చెయ్యి ఆగిపోయింది. రెండో విడత నుంచే గదా తేడా పోయింది! తను మొదలుపెట్టిందీ రెండో విడతలోనే.

సంగతేమిటంటే, ఒక్కో గదికి లీటరు జగ్గు. ఇరవై నాలుగు కుండీలు. కుండీకి నలభై మిల్లీలీటర్లు కొలిచి పోస్తే అడుగున ఇంకో నలభై మిగులుతాయి. వాటిని తొట్టిలో పారబొయ్యాలని నియమం. కుడి గదివి పారబోసేది. ఎడమ గదిలో మాత్రం, మొదటి విడత పొట్టివాళ్ళు కళ్ళలో మెదిలి, నీరసంగా కనిపించిన రెండు మూడు కుండీలకు తలా కాస్త ఒంపేది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. పాపం, ఇవెక్కడ అడుగుతాయి? వాళ్ళ పరీక్షంతా డబ్బాకే అనుకుంది గానీ, తన జాలి కూడా లెక్కలోకి వస్తుందని ఆమెకు తోచలేదు.

మూడు రోజులు తేలు కుట్టిన దొంగలా తిరిగింది. చెబితే ఆ పిల్ల మళ్ళీ మొదటికి రావాలి. చెప్పకపోతే అబద్ధం మీద ఆ పిల్ల పేరుంటుంది. ఇంట్లో అత్తగారికి తినిపిస్తూ చెంచా చెవి దగ్గర పెట్టింది. అత్తగారు విసుక్కుంది. గురువారం మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక అమ్మాయి బల్ల దగ్గర నిలబడింది.

"తల్లీ, ఎడమ గదిలో మిగిలిన నీళ్ళు నేను పారబొయ్యలేదు."

అమ్మాయి తలెత్తింది. "మరి?"

"బక్కవాటికి పోశాను. రెండు విడతలూ."

"రోజూనా?"

"ఆదివారాలు నేను రాను గదా."

తిడుతుందని పిన్ని కాచుకుని ఉంది. తిట్టినా బాగుండేది. అమ్మాయి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, అరచేతుల్లో మొహం దాచుకుంది.

"ఇచ్చేశాక, ఏ శనివారమో చెప్పినా బాగుండేది గదా పిన్నీ," అంది చివరికి. అంతే. కాగితాల కట్ట తీసుకుని పెద్దసారు గదిలోకి వెళ్ళింది.

శుక్రవారం ఏమీ ఇవ్వలేదు. కాలేజీ వాళ్ళు ఆగలేమన్నారు, ఉద్యోగం ఇంకొకరికి పోయింది. సోమవారం అమ్మాయి మళ్ళీ విత్తనాలు నానబెట్టింది. ఈసారి ఏ డబ్బా పనిచేస్తుందో కరెంటు మేస్త్రీకి తప్ప ఎవరికీ తెలియదు. అతను కాగితం మీద రాసి, కవరు అంటించి, పెద్దసారు బీరువాలో పెట్టాడు. డబ్బాలకు గుడ్డ కప్పేశారు, ముట్టుకోవద్దన్నారు. పిన్నిని మాత్రం మార్చలేదు. మార్చమని పిన్నే అడిగింది. నిజం చెప్పే చెయ్యి మళ్ళీ ఎక్కడ వెతకను అందట అమ్మాయి, పెద్దసారుతో. అది విన్నాక పిన్నికి ఏడుపొచ్చింది.

పన్నెండో రోజు ఎడమ గదిలో ఇరవై నాలుగో కుండీకి కొలిచి పోసింది. జగ్గు అడుగున నలభై మిగిలాయి. మూలనున్న కుండీలో ఒక మొక్క తల వాల్చి ఉంది. దీనికి తరంగాలు తగిలాయో, పుట్టుకే అంతో తెలియదు. జగ్గు దానివైపు వంగబోయి ఆగింది. గుమ్మంలో అమ్మాయి స్కేలు పట్టుకుని నిలబడి చూస్తోంది.

పిన్ని తొట్టి దగ్గరికి నడిచింది. అక్కడా పారబొయ్యలేకపోయింది. జగ్గెత్తి తనే తాగేసింది. గొంతు తడిశాకే తెలిసింది ఎంత దాహంగా ఉందో, ఎన్నాళ్ళుగా ఉందో.

తరువాత కుడి గదిలో మిగిలిన నలభై కూడా తాగింది. కొలత కొలతే గదా.